20 లీటర్ల మైక్రోవేవ్: పండ్ల తీపికి ఎంతవరకు పనికివచ్చింది

మా ఇంటికి 20 లీటర్ల సోలో (అంటే కేవలం మైక్రోవేవ్ తరంగాలతోనే వేడి చేసే) మైక్రోవేవ్ ఓవెన్ వచ్చి ఈ నెలతో 14 నెలలు నిండాయి. విశాఖ ద్వారకానగర్‌లోని ఒక దుకాణంలో 6,800 రూపాయలు పెట్టి దీనిని కొన్ననాడు, రాత్రి మిగిలిన పప్పునూ కూరనూ ఉదయం వేడి చేసుకోవడానికి తప్ప మరి దేనికీ పనికిరాదన్న అభిప్రాయమే మా ఇంట్లో అందరిదీ. తీరా లెక్క వేసుకుంటే, ఈ 14 నెలలలో అది ఎక్కువగా చేసిన పని పండ్లతో తీపి వండటమే. వారానికి రెండు మూడు సార్లు, భోజనాలు ముగిసి కంచాలు తీసేలోగా, ఒక యాపిలో రెండు అరటిపండ్లో నాలుగు అనాస ముక్కలో అందులోకి వెళ్లి తీపి గిన్నెగా బయటికి వస్తున్నాయి. అందువల్ల ఈ సమీక్షను ఆ ఒక్క పనికే పరిమితం చేస్తున్నాను. అన్నం ఎలా ఉడుకుతుంది, పాప్‌కార్న్ ఎలా వేగుతుంది అన్నవి ఇందులో ఉండవు. కంపెనీ పేరు కూడా రాయడం లేదు, ఎందుకంటే ఈ ధరలో దొరికే సోలో ఓవెన్లన్నీ లోపల దాదాపు ఒకే తీరుగా పనిచేస్తాయి. నేను చెప్పబోయే మంచిచెడ్డలలో అధికభాగం వాటన్నింటికీ వర్తించేవే.

దుకాణంలోని అబ్బాయి మాకు దీనికి రెట్టింపు ధర గల, వేడిగాలితో కూడా కాల్చే కన్వెక్షన్ ఓవెన్‌ను అంటగట్టాలని చాలాసేపు ప్రయత్నించాడు. కేకులు కాల్చేవారికి అది అవసరమే కావచ్చు. పండ్లను మెత్తగా ఉడికించి, వాటి రసంతోనే పాకం తీసుకోవాలనుకునేవారికి మాత్రం వేడిగాలి అక్కరలేదు. ఒక మీట శక్తికి, ఒక మీట సమయానికి ఉంటే చాలు. మేము కొన్నదానిలో సరిగ్గా ఆ రెండు తిరుగుడు మీటలే ఉన్నాయి. మా చెల్లెలి ఇంట్లో బొత్తాలు నొక్కే రకం ఉంది. దానిలో తీపి వంటకాలకని ఒక బొత్తం ప్రత్యేకంగా ఇచ్చారు గానీ, యాపిల్ ముక్కలు 200 గ్రాములున్నా 400 గ్రాములున్నా ఆ బొత్తానికి తెలియదు కనుక, ఒకసారి పచ్చిగానూ ఒకసారి గుజ్జుగానూ దిగుతున్నాయి. ఆ బొత్తాలకు పెట్టే అదనపు సొమ్ముతో వేడిని తట్టుకునే ఒక మంచి బోరోసిలికేట్ గాజు గిన్నె, దానికి సరిపోయే గాజు మూత కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

పెట్టె మీద 700 వాట్లని రాసి ఉంది. వంట పుస్తకాలలో ఇచ్చే నిమిషాలన్నీ ఈ అంకె మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి, అది ఎంతవరకు నిజమో చూడాలనిపించింది. ఒక లీటరు నీటిని గాజు గిన్నెలో పోసి, పూర్తి శక్తి మీద 2 నిమిషాలు ఉంచి, ముందూ తరువాతా ఉష్ణోగ్రత కొలిచాను; 28 డిగ్రీల నుంచి 46 డిగ్రీలకు చేరింది. లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 4,190 జౌళ్ల శక్తి కావాలి. దానిని 18తో గుణించి, 120 సెకన్లతో భాగిస్తే 628 వాట్లు వస్తుంది. గిన్నె పీల్చుకున్న వేడి ఈ లెక్కలోకి రాలేదు కనుక దీనిని మోసమని అనలేను గానీ, 800 వాట్లకు రాసిన వంట విధానాన్ని నా ఓవెన్‌లో చేసేటప్పుడు నాలుగు నిమిషాలున్నచోట ఐదు నిమిషాలు పెట్టుకోవాలని మాత్రం ఆనాడే తెలిసింది. వేసవి సాయంత్రాలలో మా వీధిలో వోల్టేజీ పడిపోయినప్పుడు ఇంకొంత ఆలస్యమవుతుంది. ఆ సంగతి లోపలి దీపం మసకబారడంతోనే పోల్చుకోవచ్చు.

పండ్లకూ ఈ యంత్రానికీ ఇంతగా పొత్తు కుదరడానికి కారణం నీరు. 2,450 మెగాహెర్ట్జ్ తరంగాలు ఆహారంలోని నీటి అణువులను కుదిపి వేడి పుట్టిస్తాయి. యాపిల్‌లోనూ అనాసలోనూ బరువులో 85 శాతానికి పైగా నీరే ఉంటుంది. పొయ్యి మీద బాణలిలో వేస్తే అడుగు అంటకుండా ఉండటానికి మనం నీళ్లో నెయ్యో పోయవలసి వస్తుంది, ఆ నీళ్లు ఇగరడానికి మళ్లీ పావుగంట కలుపుతూ నిలబడవలసి వస్తుంది. ఇక్కడ పండు తన నీటితో తానే ఉడుకుతుంది. ఈ యంత్రం పుట్టుకలోనే ఒక తీపి కథ ఉంది: 1945లో అమెరికాలో రాడార్ల కోసం మాగ్నెట్రాన్లు, అంటే ఈ తరంగాలను పుట్టించే గొట్టాలు, తయారుచేసే రేథియాన్ సంస్థలో పనిచేస్తున్న పెర్సీ స్పెన్సర్, తన జేబులోని మిఠాయి కరిగిపోవడం గమనించి, వంటకు ఈ తరంగాలు పనికివస్తాయని ఊహించాడు. అందులో మొదట వేడెక్కినది తీపి పదార్థమే కావడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

ఇక యాపిల్ సంగతి. ఆగస్టు మొదలు దసరా దాటేవరకు వచ్చే కొత్త పంటను ఉడికించడం నేరం. దానిని కోసుకుని తినాలి. శీతల గిడ్డంగులలో నెలల తరబడి నిలవ ఉండి, ఫిబ్రవరి, మార్చి నాటికి కొరికితే పిండిలా రాలిపోయే యాపిళ్లు ఉంటాయే, వాటికే ఈ ఓవెన్ సార్థకం. 200 గ్రాముల పండు ఒకటి తొక్క తీసి, బొటనవేలి గోరంత ముక్కలుగా తరిగి, ఒక చెంచా నెయ్యి, రెండు చెంచాల బెల్లం తురుము వేసి, గాజు మూత కాస్త ఓరగా పెట్టి, పూర్తి శక్తి మీద 3 నిమిషాలు ఉంచుతాను. అప్పుడు బయటికి తీసి కలపాలి. ఇది తప్పించుకోవడానికి వీల్లేని పని. ఈ తరంగాల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు కావడం వల్ల, అవి లోపలి గోడలకు తగిలి తిరిగి వచ్చి ఒకదానితో ఒకటి కలిసినచోట వేడి ఎక్కువగానూ, రద్దయినచోట తక్కువగానూ ఉంటుంది. గాజు పళ్లెం తిరుగుతున్నది ఈ తేడాను సరిచేయడానికే గానీ, అది పూర్తిగా సరిచేయలేదు. ముక్కలను గిన్నె అంచు వెంబడి గుండ్రంగా పేర్చి నడిమి భాగం ఖాళీగా వదిలితే సమంగా ఉడుకుతాయని నాలుగైదు ప్రయత్నాల తరువాత గ్రహించాను. కలిపిన తరువాత మూత తీసేసి మరొక నిమిషమున్నర పెడితే రసం చిక్కబడుతుంది. దించిన వెంటనే రుచి చూడకూడదు. తలుపు తీసిన తరువాత కూడా రెండు నిమిషాలపాటు ముక్కల లోపలికి వేడి దిగుతూనే ఉంటుంది. యాలకుల పొడి వేసి ఆ రెండు నిమిషాలూ మూత పెట్టి ఉంచితే, యాపిల్ వాసన మళ్లీ పుట్టిందా అన్నట్టు ఉంటుంది.

బెల్లం మాకు అనకాపల్లిదే; దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి అంత చేరువలో ఉండగా పంచదార దేనికన్నది మా అత్తగారి వాదన. వాదన సరైనదే గానీ, మైక్రోవేవ్‌లో బెల్లానికీ పంచదారకూ నడక వేరు. బెల్లంలో తేమ ఉంటుంది కాబట్టి అది ముందుగా కరిగి, పండు ఇంకా ఉడకకముందే గిన్నె అంచుల దగ్గర పాకమై, ఒక్కోసారి మాడి, చేదెక్కుతుంది. గడ్డలుగా వేస్తే ఈ ప్రమాదం మరీ ఎక్కువ. సన్నగా తురిమి, ముక్కలన్నింటికీ పట్టేలా కలిపి పెట్టడం ఒక ఉపాయం. సగం మొదటా సగం చివరా వేయడం అంతకన్నా మంచి ఉపాయం. ఆ తీపిలో పాలు చేర్చదలచినవారు మాత్రం తొందరపడకూడదు, బెల్లం వేడిగా ఉన్నప్పుడు పోసిన పాలు విరిగిపోయే అవకాశం ఎక్కువ.

నా మార్కులలో మొదటి స్థానం అనాసకు. వర్షాకాలంలో సీతంపేట మన్యం నుంచి వచ్చే అనాసపండ్లు ఎంవీపీ కాలనీ రైతుబజారులోనూ, పూర్ణామార్కెట్ దగ్గర తోపుడుబండ్ల మీదా కనిపించినంతకాలం మా ఓవెన్‌కు విశ్రాంతి ఉండదు. వీటిలో కొన్ని తేనెలా ఉంటాయి, కొన్ని నాలుక పొరను లేపేస్తాయి. ఆ రెండవ రకానికి కారణమైన బ్రోమెలైన్ అనే ఎంజైము మాంసకృత్తులను విడగొడుతుంది. అందుకే పచ్చి అనాస కలిపిన పాలు కాసేపటికి చేదెక్కుతాయి, జెలటిన్ వేసిన జెల్లీ గట్టిపడదు. ఉడికిస్తే ఆ ఎంజైము పని ఆగిపోతుంది. 250 గ్రాముల ముక్కలకు మూడు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు, రెండు మిరియాల పొడి చాలు. చుక్క నీరు అక్కరలేదు. మూత లేకుండా 4 నిమిషాలు పెట్టి, కలిపి, శక్తిని సగానికి తగ్గించి మరో 3 నిమిషాలు ఉంచితే ముక్కలు అద్దాల్లా మెరుస్తాయి, అడుగున పసుపు పచ్చని పాకం రెండు చెంచాలంత మిగులుతుంది. చల్లారిన తరువాత దీనిని గడ్డపెరుగు మీద వేసి వడ్డిస్తే, ఇంటికి వచ్చినవాళ్లు ఇది ఏ హోటలు నుంచి తెప్పించారని అడిగారు.

శక్తిని సగానికి తగ్గించడమంటే తరంగాల బలం తగ్గడం కాదు. ఈ ధరలోని ఓవెన్లలో మాగ్నెట్రాన్ కొన్ని సెకన్లు పూర్తి బలంతో పనిచేసి, కొన్ని సెకన్లు ఆగుతుంది. చెవి పెట్టి వింటే ఆ గుర్రుమనే శబ్దం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతున్నదో తెలుస్తుంది. ఆగిన వేళలోనే పొంగు చల్లారుతుంది, వేడి లోపలికి పాకుతుంది. పంచదార పాకాలకు ఈ విరామమే ప్రాణం. పూర్తి శక్తి మీదే వదిలేసిన రోజున అనాస పాకం గిన్నె దాటి గాజు పళ్లెం మీదికి, అక్కడి నుంచి దాని కింద తిరిగే చక్రాల ఉంగరంలోకి పారింది. దానిని గోకి శుభ్రం చేయడానికి పట్టిన సమయంలో పొయ్యి మీద రెండు సార్లు హల్వా కలిపి ఉండవచ్చు. పండూ పంచదారా కలిపిన పరిమాణానికి మూడు రెట్లు పట్టే గిన్నె వాడటం అప్పటి నుంచి మా ఇంట్లో నియమమైంది. పాకం 100 డిగ్రీలను సునాయాసంగా దాటిపోతుంది కనుక, పిల్లల చేత ఆ గిన్నెను తీయించకూడదు.

అరటిపండు ఒక్క నిమిషం పని. నిలువుగా చీల్చి, కొబ్బరి కోరు, బెల్లం చల్లి, 60 శాతం శక్తి మీద పెడితే చాలు. నిమిషమున్నర దాటిందంటే జిగురు. జామ గుజ్జును గింజలు వడకట్టి పంచదారతో ఉడికిస్తే, దానిలో గడ్డకట్టించే పెక్టిన్ అనే పదార్థం పుష్కలంగా ఉన్నందువల్ల చల్లారేసరికి దానంతట అదే గడ్డకట్టి ముక్కలు కోసుకునేంత గట్టిపడుతుంది. కానీ ఎనిమిది నిమిషాలలో నాలుగు సార్లు తీసి కలపవలసి వచ్చే ఈ పనికి మైక్రోవేవ్ కన్నా మందపాటి మూకుడే నయం. బొప్పాయికి నేను గట్టిగా సిఫారసు చేయలేను, వేడెక్కగానే దాని వాసన ఇల్లంతా కమ్మేస్తుంది. మామిడిని ఇందులో పెట్టడం పాపం. సీతాఫలం గుజ్జును వేడి చేస్తే చేదెక్కుతుందన్న సంగతి తెలియక ఒక డజను పండ్లు పాడుచేసుకున్నాను. బాసుందిలో కలిపేవారు కూడా పాలు చల్లారాకనే కలుపుతారని తరువాత అమ్మ చెప్పింది.

ద్రాక్ష గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఓవెన్‌తో వచ్చిన పుస్తకంలో ఆ హెచ్చరిక లేదు. రెండు ద్రాక్షపండ్లు ఒకదానికొకటి తగిలేలా లోపల ఉంటే, అవి తాకినచోట నిప్పురవ్వలు ఎగసి, మంటలాంటి వెలుగు లేస్తుంది. దీనిని నిర్ధారించిన కెనడా పరిశోధకుల పత్రం 2019లో వెలువడింది. నీటిలో ఈ తరంగాల పొడవు సెంటీమీటరు పైచిలుకుకు కుదించుకుపోవడం వల్ల, దాదాపు అంతే పరిమాణమున్న ద్రాక్షపండు వాటిని తనలో బంధిస్తుందని, రెండు పండ్లు కలిసేచోట ఆ శక్తి అంతా పోగవుతుందని దానిలో వివరించారు. ద్రాక్షను నలిపి, రసంగా మార్చి ఉడికించుకోవచ్చు. పండ్లుగా మాత్రం పెట్టకూడదు. తొక్క తీయని యాపిల్‌ను ముక్కలు కోయకుండా ఉడికించదలచినవారు ఫోర్కుతో నాలుగైదు చోట్ల గుచ్చకపోతే, లోపలి ఆవిరికి అది పగిలి గోడలకు అంటుకుంటుంది.

గిన్నెల విషయంలో నా మొదటి నెల అనుభవం కాస్త సిగ్గుపడదగినది. పెళ్లినాటి పింగాణీ గిన్నెకు బంగారు రంగు అంచు ఉన్నదని మరచి పెట్టాను. పది సెకన్లలో ఆ అంచు వెంబడి టపటపమని మెరుపులు వచ్చి, అంచు నల్లబడింది. ఓవెన్‌కు ఏమీ కాలేదు, గిన్నె మాత్రం అటక ఎక్కింది. ఆ తరువాత ప్రతి కొత్త గిన్నెకూ ఒక పరీక్ష పెడుతున్నాను: అంచున లోహపు పూత లేదని చూసుకుని, ఖాళీ గిన్నెనూ పక్కనే గాజు గ్లాసెడు నీళ్లనూ లోపల ఉంచి ఒక నిమిషం నడిపితే, నీళ్లు వేడెక్కి గిన్నె చల్లగా ఉండాలి. గిన్నె వేడెక్కిందంటే అది దీనికి పనికిరాదు. హోటలు నుంచి కూరలు వచ్చే పలుచని ప్లాస్టిక్ డబ్బాలలో పంచదార పాకం చేయబూనడం తెలివైన పని కాదని వేరే చెప్పనక్కరలేదు.

ఈ యంత్రం మీద నాకున్న అసలు ఫిర్యాదులు రెండు. ఒకటి వాసన. విశాఖలో ఇల్లన్నాక చేపల పులుసు ఉంటుంది. మధ్యాహ్నం వంజరం పులుసు వేడి చేసిన ఓవెన్‌లో రాత్రి యాపిల్ ఉడికిస్తే ఆ యాపిల్‌కు ఏ వాసన వస్తుందో ఊహించుకోవచ్చు. గిన్నెడు నీళ్లలో నిమ్మచెక్కలు వేసి 4 నిమిషాలు మరిగించి, ఆవిరితో తలుపు మూసి మరో 5 నిమిషాలు వదిలి, తడి గుడ్డతో తుడిస్తే వాసన చాలావరకు పోతుంది, మొత్తం పోదు. చేపలకూ తీపికీ రెండు వేర్వేరు మూతలు పెట్టుకోవడం వల్ల కొంత మేలు జరిగింది.

రెండవది తుప్పు. మా ఇంటికీ సముద్రానికీ కిలోమీటరు దూరం కూడా లేదు. ఏడవ నెలలో లోపలి అడుగు భాగాన, పళ్లెం చక్రాలు తిరిగే దారిలో రంగు ఊడి, తుప్పు మచ్చ కనిపించింది. ఉప్పుగాలితో పాటు, పండ్లను ఉడికించినప్పుడు విడుదలయ్యే పుల్లని ఆవిరి అక్కడే చేరి నీరు కావడం కూడా దీనికి తోడయిందని నా అనుమానం. లోపలి అడుగు భాగం వారంటీలోకి వస్తుందా రాదా అన్నది తేల్చడానికి సర్వీసు కేంద్రం వారు మూడు వారాలు తీసుకుని, చివరకు వాడకం వల్ల వచ్చిన నష్టం వారంటీలోకి రాదన్నారు. 450 రూపాయలు తీసుకుని ఆ భాగానికి రంగు వేసి ఇచ్చారు. రంగు ఇప్పటికి నిలిచింది. తీపి వండిన ప్రతిసారీ తలుపును పది నిమిషాలు తెరిచి ఉంచి, అడుగును పొడిగుడ్డతో తుడవమని ఆ మెకానిక్ చెప్పిన మాట, ఓవెన్‌తో వచ్చిన 60 పేజీల పుస్తకం కన్నా ఎక్కువ ఉపయోగపడింది. ఆ పుస్తకంలో పీచ్ పండ్లతోనూ బ్లూబెర్రీలతోనూ చేసే వంటకాలు పది ఉన్నాయి గానీ, అనాస గానీ జామ గానీ ఒక్క చోటా లేవు.

మా అత్తగారు మొదట్లో ఈ గిన్నెను ముట్టుకోలేదు. “కిరణాలు తగిలిన తిండి మనిషికి మంచిదంటావా అమ్మా?” అని అడిగారు. తలుపు తెరిచిన మరుక్షణం తరంగాలు ఆగిపోతాయని, దీపం ఆర్పిన గదిలో వెలుగు మిగలనట్టే ఆహారంలో అవి మిగలవని చెప్పాను. నీళ్లు పోయకుండా తక్కువ సమయంలో ఉడకడం వల్ల సి విటమిన్ వంటివి నీళ్లలోకి దిగి పారబోతకు పోవడం కూడా ఉండదు. ఆమె నా మాటలకన్నా అనాస రుచికే లొంగారని నాకు తెలుసు. ఇప్పుడు మధ్యాహ్నం పూట తనకు కావలసిన అరటిపండును తానే పెట్టుకుంటున్నారు.

ఖర్చు లెక్కకు వస్తే, ఇది కరెంటు నుంచి సుమారు 1,100 వాట్లు తీసుకుంటుంది. ఐదు నిమిషాల యాపిల్‌కు యూనిట్‌లో పదో వంతు కూడా కాదు. ముగ్గురు నలుగురున్న ఇంటికి, అప్పటికప్పుడు చేసుకునే గిన్నెడు తీపికి ఇది బాగా సరిపోతుంది. పదిమంది వచ్చిన రోజున కిలో అనాసను ఒకేసారి పెట్టి చూశాను. తరంగాలు ఆహారంలోకి రెండు మూడు సెంటీమీటర్ల లోతుకు మించి బలంగా చొరబడలేవు కాబట్టి, పైముక్కలు మెత్తబడేసరికి నడుమ ముక్కలు పచ్చిగానే ఉన్నాయి, సమయం కూడా నాలుగింతలు పట్టింది. చివరికి ఆ గిన్నెను బాణలిలోకి వంచి, గ్యాసు పొయ్యి మీదే పూర్తిచేశాను.